ఇసుక మూటల లెక్క

*సీల్డ్ కవర్లో రాసిన ఒక్క అంకె చివరికి ఎవరి నెత్తికెక్కిందో చెప్పే గాథ ఇది. మనుషుల పేర్లు, ఊరి పేరు, ఆఫీసు పేరు రాయడం లేదు. లెక్కలు మాత్రం నా నోటుబుక్కులో ఉన్నవే.*

"ఒరే అబ్బాయ్, కిటికీ వెయ్."

బాబాయ్ ఆ మాట అనేసరికి రాత్రి పదకొండు దాటింది. 1998 డిసెంబరు. అరకులో ఒక లాడ్జి. కరెంటు పోయి గంటయింది. బల్ల మీద కొవ్వొత్తి, దాని పక్కన ఎర్ర లక్క కడ్డీ, గోధుమరంగు కవర్లు నాలుగు, జిగురు సీసా, ఇత్తడి ముద్ర. ఆ కొవ్వొత్తికి ఆ రాత్రి రెండు డ్యూటీలు. వెలుగివ్వడం ఒకటి, లక్క కరిగించడం రెండోది.

చలికి వెయ్యమన్నాడనుకుని కిటికీ దగ్గరికెళ్లాను. బాబాయ్ గొంతు తగ్గించి "పక్క గదిలో దిగినవాడు కూడా రేపటి టెండరుకే వచ్చాడు" అన్నాడు.

ఆయన నాకు సొంత బాబాయ్ కాదు, నాన్నకు వరసకు తమ్ముడు. చిన్న తరగతి రిజిస్టర్డ్ కంట్రాక్టరు. నాకు డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు, దస్తూరీ బాగుంటుంది. మూడోది చూసి పనిలో పెట్టుకున్నాడు. టెండరు షెడ్యూల్లో కొట్టివేతలు ఉండకూడదు. ఉంటే ప్రతి కొట్టివేత దగ్గరా సంతకం పెట్టాలి. ఒకటి మర్చిపోతే అవతలివాడు దాన్నే పట్టుకుని ఆ టెండరు చెల్లదంటాడు. అందుకే దస్తూరీకి జీతం.

పని చిన్నదే. అనంతగిరి వైపు కొండమీద ఒక గిరిజన గూడెంలో రెండు గదుల బడి, వరండా. డిపార్ట్‌మెంట్ వేసిన అంచనా 4,80,000 రూపాయలు. దానిమీద ఎంత శాతం ఎక్కువకో, ఎంత శాతం తక్కువకో మేం చేస్తామని రాసివ్వాలి. ఎక్కువైతే 'ఎక్సెస్', తక్కువైతే 'లెస్'. అరవై పేజీల షెడ్యూలుకి ప్రాణమంతా ఆ ఒక్క గడిలో ఉంటుంది. అందులో అంకె ఒకసారి అంకెల్లో, ఒకసారి అక్షరాల్లో రాయాలి. రెండిటికీ తేడా వస్తే అక్షరాలదే మాట.

ఆ గడి చివరిదాకా ఖాళీగానే ఉంచేవాడు బాబాయ్. మిగతావన్నీ ముందే సర్దేశాను. ధరావతు డీడీ, రిజిస్ట్రేషన్ నకలు, తహసీల్దారు ఇచ్చిన సాల్వెన్సీ, ఇన్‌కంటాక్సు క్లియరెన్సు, సేల్స్‌టాక్సు క్లియరెన్సు. ప్రతి పేజీ కిందా బాబాయ్ తరఫున పొడి సంతకం నాదే. అలా సంతకాలు గీస్తూ పోతుంటే ఒక పేజీలో నా పెన్ను ఆగింది.

టెండరు వేసేవారు పని జరిగే స్థలాన్ని స్వయంగా చూసి, దారి, నీరు, కూలీలు, సామగ్రి దొరికే చోట్లు తెలుసుకున్నట్టే భావించబడుతుంది. తర్వాత తెలియదని చెప్పి అదనపు సొమ్ము అడగరాదు. ఇదీ ఆ షరతు సారాంశం.

"బాబాయ్, మనం సైటు చూడలేదుగా?"

"ఎవడు చూస్తాడ్రా ఈ బుల్లి పనికి? లీడు చార్టుందిగా. పెట్టు సంతకం."

పెట్టాను.

లీడు అనే దేవుడు

కంట్రాక్టు పనులు తెలియనివారికి లీడు సంగతి చెప్పాలి. అంచనాకు పునాది ప్రభుత్వం ఏటా ఖరారు చేసే రేట్ల పట్టిక. సిమెంటు బస్తా ఇంత, తాపీ మేస్త్రీ రోజు కూలి ఇంత, ఘనపు మీటరు కాంక్రీటు ఇంత అని అందులో ఉంటుంది. ఆ రేటుకు రవాణా కలపాలి. ఇసుక ఏ ఏటి నుంచి వస్తుంది, కంకర ఏ క్వారీ నుంచి, సిమెంటు ఏ ఊరి నుంచి, ఒక్కొక్కటీ పని దగ్గరికి ఎన్ని కిలోమీటర్లు. ఆ దూరాల చిట్టాయే లీడు స్టేట్‌మెంటు. మైదానంలో దానిలో తప్పు వస్తే పది, ఇరవై వేలు అటూ ఇటూ అవుతాయి. కొండమీద తప్పు వస్తే కంట్రాక్టరు పొలం అమ్ముకుంటాడు. లారీ వెళ్లే కిలోమీటరూ మనిషి నెత్తిన మోసే కిలోమీటరూ కాగితం మీద ఒక్కలాగే కనిపిస్తాయి. రెండిటి మధ్య ఖర్చు తేడా మాత్రం ఏనుగుకీ ఎలుకకీ ఉన్నంత.

మా లీడు స్టేట్‌మెంటులో ఇసుక పక్కన కిలోమీటర్లు వేసి ఉన్నాయి. తలమోత అన్న గడిలో చిన్న అడ్డగీత ఉంది. అంటే తలమోత లేదు, లారీ గూడెం దాకా పోతుంది. ఆ అడ్డగీతను నేనూ చూశాను, బాబాయ్ కూడా చూశాడు. మంచి పనే దొరికిందనుకున్నాం.

బాబాయ్‌కి కొండలు కొత్త కాదు. కొత్తవలస–కిరండోల్ రైలు మార్గం వేస్తున్న రోజుల్లో వాళ్ల నాన్న అక్కడ మేస్త్రీ. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన లైను అది. బాబాయ్ బాల్యం సొరంగాల పక్కన వేసిన షెడ్లలో గడిచింది. సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తునున్న శిమిలిగుడ స్టేషను దగ్గర మంచులో ఇసుక జల్లించిన కథ నాకు వందసార్లు చెప్పాడు. అంత తెలిసినవాడు ఆ గీతను ఎందుకు నమ్మాడంటారా? సాయంత్రం జరిగింది కూడా చెప్తే తప్ప అర్థం కాదు.

సాయంత్రం వచ్చిన మనిషి

ఆరు గంటలకు టీ కొట్టు దగ్గర ఒకాయన వచ్చి బాబాయ్ భుజం మీద చెయ్యేశాడు. తెల్ల చొక్కా, వేలికి పెద్ద ఉంగరం. "అన్నా, అందరం ఒక మాటనుకున్నాం. ఈ పని మనోడు చేసుకుంటాడు, నాలుగు ఎక్సెస్‌కి. నువ్వొక సపోర్టింగ్ టెండరు ఎనిమిది ఎక్సెస్‌కి వేసెయ్. లేదంటే షెడ్యూలే వెయ్యకు. గుడ్‌విల్ అందుతుంది" అన్నాడు.

దీన్నే రింగు అంటారు. పదిమంది షెడ్యూళ్లు కొంటారు. పెట్టెలో మూడే పడతాయి, ఆ మూడూ ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. మాట విననివాడి దగ్గర షెడ్యూలు లాక్కోవడం, పెట్టె ముందు మనుషుల్ని నిలబెట్టడం కూడా ఆ రోజుల్లో మామూలే. అలాంటి వార్త లేని జిల్లా పేజీ అరుదు.

బాబాయ్ నవ్వి "చూద్దాంలే తమ్ముడూ" అన్నాడు. గదికొచ్చాక నవ్వు పోయింది. "వీళ్లు దయతలచి ఇస్తే తీసుకోవాలా నేను?" అన్నాడు. ఆ పంతంలో రేటు దిగడం మొదలైంది. మొదట నాలుగు లెస్ అన్నాడు. భోజనం దగ్గర ఏడన్నాడు. పక్క గదివాడు పది లెస్‌కి దిగుతున్నాడని లాడ్జి కుర్రాడు ఊదిపోయాక కొవ్వొత్తి ముందు కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

బయట ఖనిజం బండి వెళ్తోంది. ఆ చప్పుడు అంత తొందరగా అవదు. అది అయ్యేదాకా ఆగి, "రాయరా" అన్నాడు.

"ఎంత?"

"పన్నెండు."

"ఎక్సెస్సా, లెస్సా?"

కొడతాడేమో అన్నట్టు చూశాడు. 12 శాతం తక్కువ అని అంకెల్లో, పన్నెండు శాతం తక్కువ అని అక్షరాల్లో రాశాను. తక్కువ చేసిన సొమ్ము 57,600 రూపాయలు. మిగిలింది 4,22,400. కాగితం మడిచి కవర్లో పెట్టి జిగురు రాశాను. లక్క మూడు చోట్ల బొట్లు బొట్లుగా పడింది. బాబాయ్ ఇత్తడి ముద్ర నాలికతో తడిపి అదిమాడు. తడపకపోతే లక్క ముద్రకే అంటుకుని లేచొస్తుంది. కవరు మీద పని పేరు, నోటీసు నంబరు, తెరిచే తేదీ, ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారికి అని రాశాను. అంతా అందంగా వచ్చింది.

పెట్టె తెరిచారు

మర్నాడు మూడింటిదాకా టెండర్లు తీసుకుంటారు. రెండున్నరకు వెళ్తే పెట్టె ముందు నలుగురు నిలబడ్డారు. బాబాయ్ నన్ను ముందుకు తోసి, తను పోలీసు కానిస్టేబులుతో పెద్దగా కబుర్లు మొదలెట్టాడు. ఆ సందులో రేకు పెట్టె చీలికలోకి కవరు జారవిడిచాను. డబ్‌మని శబ్దం వినిపించింది. అంటే పెట్టె ఇంకా ఖాళీగానే ఉందన్నమాట.

నాలుగింటికి ఇద్దరి దగ్గరున్న రెండు తాళంచెవులతో పెట్టె తెరిచారు. కవర్లు మూడు. గుమాస్తా ఒక్కొక్కటీ పైకెత్తి లక్క ముద్ర అందరికీ చూపించి చింపాడు. మొదటిది నాలుగు ఎక్సెస్. రెండోది మూడున్నర లెస్. అది పక్క గదివాడిది. పది లెస్ అన్న కబురు లాడ్జి కుర్రాడి చేత చెప్పించిందీ అతనేనని తర్వాత తెలిసింది. మూడోది మాది.

గుమాస్తా "పన్నెండు శాతం తక్కువ" అని చదివి ఆగాడు. మళ్లీ అక్షరాలు కూడా చదివాడు. గదిలో ఎవరో చిన్నగా ఈల వేశారు. పని మాదే. రెండోవాడికీ మాకూ మధ్య 40,800 రూపాయలు ఊరికే గాలికి పోయాయి.

బయటికొస్తుంటే వరండాలో ఒక ముసలి కంట్రాక్టరు చుట్ట ఆర్పుతూ అన్నాడు. "గెలిచావా? అయితే ఏదో మర్చిపోయుంటావ్. తీరిగ్గా గుర్తుచేసుకో."

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆ చుట్ట తాత మాట మీద పెద్ద శాస్త్రమే ఉందని. 1971లో అమెరికాలోని అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ అనే చమురు కంపెనీ ఇంజినీర్లు కేపెన్, క్లాప్, కాంప్‌బెల్ ఒక వ్యాసం రాశారు. మెక్సికో సింధుశాఖలో చమురు బ్లాకులకు కంపెనీలు సీల్డ్ కవర్లలో రేట్లు వేసేవి. గెలిచిన కంపెనీలు తరచూ చేతులు కాల్చుకునేవి. ఎందుకంటే అడుగున ఎంత చమురుందో ఎవరికీ సరిగా తెలియదు, అందరివీ ఊహలే. వాటిలో అందరికంటే ఎక్కువ పొరపడినవాడే అందరికంటే పెద్ద అంకె వేస్తాడు, గెలుస్తాడు. దానికి గెలిచినవాడి శాపం అనే పేరు స్థిరపడింది. కంట్రాక్టు పనుల్లో ఇది తల్లకిందులుగా నడుస్తుంది. ఖర్చు అందరికంటే తక్కువగా అంచనా కట్టినవాడిదే పని.

చమురు కంపెనీ పొరపడితే కంపెనీయే నష్టపోతుంది. మా శాపం మా దగ్గర ఆగలేదు.

రోడ్డు ఆగిపోయిన చోట

అగ్రిమెంటు జనవరిలో అయింది. ఆ నెలాఖరులో మొదటిసారి సైటు చూడ్డానికి వెళ్లాం. వలిసె పూలు రాలిపోయి పొలాలు బోడిగా ఉన్నాయి. జీపు ఒక గెడ్డ దగ్గర ఆగింది. అవతల రోడ్డు లేదు. ఉండాల్సిన రోడ్డు వేరే పద్దులో మంజూరై ఉందట, ఇంకా మొదలవలేదు. అంచనా రాసినాయన అది అప్పటికి అయిపోతుందనుకుని తలమోత గడిలో గీత గీశాడు.

గెడ్డ దాటి నడిచాం. మూడు కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. సగం దారిలో బాబాయ్ కూర్చుండిపోయాడు. గూడెం పెద్ద మనిషి ఒకాయన మాతోపాటు వస్తున్నాడు. కూలీలను కూర్చేది ఆయనే కాబట్టి మేం మేస్త్రీ అనేవాళ్లం. యాభై ఏళ్లుంటాయి. భుజాన తువ్వాలు, చేతిలో గొడ్డలి. ఎక్కుతూ ఎక్కుతూనే అడిగాడు.

"ఇసకెవులు మోస్తారు బాబూ?"

"మీవాళ్లే."

"ఎంతవుద్ది ఇసక?"

నోటుబుక్కు తీశాను. గోడలకు రాయీ, కంకరకు రాయీ అక్కడే కొట్టించుకోవచ్చు. ఇసుక మాత్రం కింది నుంచి రావాల్సిందే. 60 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు సుమారు 1,600 కిలోల చొప్పున 96,000 కిలోలు. ఆ ఎక్కుడులో మనిషి మోయగలిగింది పాత సిమెంటు సంచిలో పాతిక కిలోలు. అంటే 3,840 మూటలు.

అంకె చెప్పాను. ఆయన నడక ఆపలేదు. కాసేపటికి అన్నాడు. "మనిషికి రోజుకి మూడు మూటలు. నాలుగో మూట మోస్తే మర్నాడు రాడు. ఇరవై మందొస్తే రోజుకి అరవై. రెండు నెల్లు దాటిపోద్ది, ఒట్టి ఇసకకే."

లెక్క వేశాను. 64 రోజులు. కాగితం, పెన్ను లేకుండా అంత దగ్గరగా చెప్పాడు. మొత్తం 1,280 కూలి దినాలు. అప్పుడు మేం పని దగ్గర ఇస్తున్న రోజు కూలి 45 రూపాయలు. గుణిస్తే 57,600.

మళ్లీ గుణించాను. అదే వచ్చింది. మేం కవర్లో పన్నెండు శాతం కింద వదిలేసుకున్న సొమ్ము పైసా తేడా లేకుండా ఇసుక మోతకు అయ్యే సొమ్ముతో సమానం. అంకెలు అలా కలిసిరావడం కాకతాళీయమే. అయినా నోటుబుక్కు మూసేస్తుంటే చేతులు చల్లబడ్డాయి.

"ముందుగా ఎవులూ వచ్చి చూడనేదా బాబూ?" అన్నాడు మేస్త్రీ. నింద కాదు, ఊరికే తెలుసుకోవాలని అడిగాడు. ఏమీ చెప్పలేదు. నా పొడి సంతకం ఉన్న పేజీ నాకు గుర్తుంది.

పైన పునాది తవ్వడం మొదలెట్టాక ఇంకో పాఠం. గట్టి రాయి తగిలిందని సంబరపడ్డాం. మేస్త్రీ దాన్ని మడమతో తొక్కి "ఇది రాయి కాదు బాబూ, నాలుగు వానలకి మన్నవుద్ది. ఇంకా దిగాల" అన్నాడు. తూర్పు కనుమల్లో విరివిగా ఉండే ఆ రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు ఖొండలైట్ అంటారు. కోందు తెగ పేరు మీదుగా టి.ఎల్. వాకర్ అనే ఆయన 1902లో పెట్టిన పేరది. రాయి పేరులో కోందులున్నారు. దాని మీద కట్టే బడి అంచనాలో వాళ్ల నడుములు లేవు.

ఇటుకల పండగ

బాబాయ్ ఆఫీసుకు వెళ్లి అడిగాడు. తలమోతకు అదనంగా ఏమన్నా ఇప్పించమన్నాడు. అక్కడివాళ్లు షెడ్యూలు తెప్పించి పేజీ తిప్పి నా సంతకం చూపించారు. "స్థలం చూశామని మీరే ఒప్పుకున్నారు కదండీ."

ఆ సాయంత్రం జీపులో మాట్లాడకుండా కూర్చున్న బాబాయ్ ఘాటీ దిగాక అన్నాడు. "మూటకి ఎనిమిది రూపాయలిద్దాం."

రోజుకు మూడు మూటలంటే మూటకు పదిహేను పడాలి. ఎనిమిదైతే మనిషికి రోజుకు 24 రూపాయలు. నేనామాట అన్నాను. "అయితే నువ్వియ్యరా" అన్నాడు బాబాయ్. ఆయన చెడ్డవాడు కాదు. కూతురి పెళ్లి దగ్గరకొచ్చింది. డీడీకి తెచ్చిన డబ్బు కూడా వడ్డీదే. ఆ రోజున ఆయన ముందు తగ్గించడానికి వీలున్న అంకెలు ఎన్నో లేవు. సిమెంటు కంపెనీ తగ్గించదు, లారీ యజమాని తగ్గించడు, ఇనుము కొట్టువాడు తగ్గించడు. తగ్గుతుందన్న నమ్మకం ఉన్నది ఒక్క మనిషి కూలి మీదే.

వాళ్లు మోశారు. ఎక్కువమంది ఆడవాళ్లే. నెత్తిన చుట్టకుదురు, దాని మీద ఇసుక సంచి, ఒక చెయ్యి సంచి మీద, రెండో చెయ్యి మోకాలి మీద. తడి ఇసుకైతే నీళ్లు మెడ మీదుగా కారేవి. పై మలుపులో ఒక పనస చెట్టుంది. అక్కడ ఎవరూ సంచి దించేవారు కాదు. దించితే మళ్లీ ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి. చెట్టుకు వీపు ఆనించి సంచి నెత్తిన ఉండగానే నిలబడి ఊపిరి తీసుకునేవాళ్లు. రోజూ సాయంత్రం మూటల లెక్క నేను రాసేవాణ్ని. మేస్త్రీ నా పక్కనే కూర్చుని, నేను రాసింది చదవలేకపోయినా, చూసేవాడు. ఆయన లెక్క వేరే ఉంది. చిన్న చిన్న రాళ్లు కుప్పగా పోసేవాడు. మా ఇద్దరి లెక్కా ఎప్పుడూ తేడా రాలేదు.

చైత్రంలో పని ఆగిపోయింది. ఇటుకల పండగ. మగవాళ్లు వేటకు పోయారు, ఆడవాళ్లు దారులకు అడ్డంగా కర్రలు పెట్టి వచ్చేపోయే బళ్లను ఆపి పాటలు పాడుతూ పండగ మామూలు అడుగుతున్నారు. మా లారీని కూడా ఆపారు. కర్ర పట్టుకున్నవాళ్లలో రోజూ ఇసుక మోసే ముఖాలే సగం. బాబాయ్ నవ్వుతూ ఇరవై రూపాయల నోటు తీసిచ్చాడు. వాళ్లు నవ్వుతూ కర్ర ఎత్తారు. వాళ్లకు మేం బాకీపడింది ఆ రోజుకు ఎంతో నా నోటుబుక్కులో ఉంది. ఆ నవ్వుల మధ్య నాకు ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

లంబసింగి రోడ్డు

పండగ రోజుల్లో తోచక పాడేరులో ఒక రిటైర్డు టీచరు గారింట్లో కూర్చున్నాను. మాటల్లో మూట ఎనిమిది రూపాయల సంగతి వచ్చింది. ఆయన అల్లూరి సీతారామరాజు కథ ఎత్తుకున్నారు. నాకు తెలిసిన కథే. తెలియని వైపు నుంచి చెప్పారు.

నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటీ మీదుగా గూడెం కొండల్లోకి రోడ్డు వేయాలని తెల్లదొరల ప్రభుత్వం తలపెట్టింది. ఆ పని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో సాగింది. కొండవాళ్లను బలవంతంగా పనికి తోలారు. చెప్పిన కూలి వేరు, చేతికొచ్చిన కూలి వేరు. అడవిలోకి పోనివ్వని చట్టాలు, పోడు మీద ఆంక్షలు ముందునుంచే ఉన్నాయి. ఈ రోడ్డు కూలి వాటికి తోడైంది. పదవి పోగొట్టుకున్న గాం గంటందొర లాంటివాళ్లు రాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్ల తుపాకులు పోయాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపేదాకా ఆ పోరాటం నడిచింది.

"విల్లంబులూ, తుపాకులూ అందరికీ గుర్తుంటాయి. రోడ్డు కూలి దగ్గర కుదరని లెక్క ఎవరికీ గుర్తుండదు" అన్నారు మాస్టారు.

నేను లేచి వచ్చేశాను. బాస్టియన్‌తో మా బాబాయ్‌ని పోల్చడం న్యాయం కాదని దారి పొడవునా నాకు నేను చెప్పుకున్నాను. ఆయన చేతిలో అధికారముంది, మా చేతిలో అప్పుంది. అయినా కొండమీది మనిషి చేతికి వచ్చేసరికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. తగ్గించిన కూలి మీద అది అధికారం తగ్గించిందో, అప్పు తగ్గించిందో రాసి ఉండదు.

వానలు పట్టేలోగా బడి పూర్తయింది. మూటకు ఏడు రూపాయల చొప్పున మేం తక్కువిచ్చింది 26,880 రూపాయలు. అయినా బాబాయ్‌కి ఆ పనిలో రూపాయి మిగల్లేదు.

చివరి రోజున మేస్త్రీ తన రాళ్ల కుప్పను గోతిలో పోసి మన్ను కప్పేశాడు. "ఎందుకు?" అని అడిగాను. "లెక్క అయిపోనాది గదా బాబూ" అన్నాడు.

లక్క అక్కర్లేని కాలం

2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. రేకు పెట్టె పోయింది. దాని ముందు నిలబడే నలుగురూ పోయారు. షెడ్యూలు ఇంట్లో కూర్చుని దించుకోవచ్చు, ఎవరు కొన్నారో ఎవరికీ తెలియదు. లక్క ముద్ర స్థానంలో డిజిటల్ సంతకం వచ్చింది. నెలల తరబడి సాగే టెండర్లు వారాల్లో తేలడం మొదలైంది. ఆ ఏడాది జూలై 1న వచ్చిన 94వ నంబరు జీవో మరో పని చేసింది. అంచనా మీద అయిదు శాతం మించి ఎక్సెస్ వేస్తే ఒప్పుకోవద్దంది. పాతిక శాతం మించి లెస్ వేస్తే, మించినంత సొమ్ము అదనపు ధరావతుగా కట్టాలంది. పంతానికి పోయి రేటు దించేవాళ్లకు అదొక కళ్లెం. దాన్ని చదివినప్పుడు నాకు ఆ కొవ్వొత్తి గుర్తొచ్చింది. మాది పన్నెండే కాబట్టి ఆ కళ్లెం కూడా మమ్మల్ని ఆపేది కాదు.

బాబాయ్ కొన్నేళ్లకు పనులు మానేశాడు. నేను రిజిస్ట్రేషన్ తీసుకుని సొంతంగా టెండర్లు వెయ్యడం మొదలెట్టాను. పాడేరు కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516-ఈ జాతీయ రహదారి ఇప్పుడు ఆ కొండల్లోంచే పోతుంది. అయినా రోడ్డు చివర దిగి నడిచి ఎక్కాల్సిన గూడేలు ఇంకా ఉన్నాయి. నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చారన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఆ దారిలో ఇసుక ఎలా పైకి పోయిందా అనుకుంటాను.

ఆ మధ్య అలాంటి ఒక గూడెంలో అంగన్‌వాడీ భవనానికి టెండరు పడింది. స్క్రీన్ మీద షరతుల పేజీ వచ్చింది. స్థలం చూశానన్న షరతు ఇప్పుడూ ఉంది. దానికి పొడి సంతకం కూడా అక్కర్లేదు, మౌస్ ఒకసారి నొక్కితే చాలు. నొక్కలేదు. మర్నాడు బండెక్కాను. రోడ్డు చివర ఒక పాత సిమెంటు సంచిలో పాతిక కిలోల ఇసుక తూచి పోయించుకుని, నెత్తిన పెట్టించుకుని ఎక్కడం మొదలెట్టాను. యాభై దాటిన మనిషిని. నాలుగు వందల అడుగులు లెక్కపెట్టాను. తర్వాత నా వెంట వచ్చిన కుర్రాడు నవ్వుతూ సంచి తన నెత్తికి మార్చుకున్నాడు. పైకి చేరేదాకా గడియారం చూస్తూనే ఉన్నాను. గంటా పదిహేను నిమిషాలు.

ఇంటికొచ్చి ఆ గంటా పదిహేను నిమిషాలను మూటలతో గుణించి, ఇవ్వాల్సిన కూలితో గుణించి రేటు వేశాను. రెండు శాతం ఎక్సెస్ వచ్చింది. అదే పంపాను.

తెరిచిన రోజు స్క్రీన్ మీద అందరి రేట్లూ వరసగా కనిపించాయి. మాది నాలుగో స్థానం. మొదటివాడు పంతొమ్మిది లెస్.

ఆ వరసలో అతని పేరుంది, శాతముంది, సమయం నిమిషాలతో సహా ఉంది. మూటకు ఎంత ఇస్తాడో మాత్రం ఏ గడిలోనూ లేదు.